అవ్వ చేసిన అరిసె కోసం: తడి, పాకం, నూనె లెక్కలు

అరిసెలు ఒకసారి కుదిరి మరోసారి ఎందుకు చెడుతున్నాయో అర్థం కాని వాళ్ల కోసం ఈ డైరీ. కోవూరు దగ్గర పెన్న ఒడ్డున ఉన్న మా ఊళ్లో అవ్వ చేసిన అరిసెకు నాలుగు లక్షణాలు ఉండేవి. అంచు కరకరలాడేది. నడుమ మెత్తగా ఉండేది. తుంచితే పొడి రాలేది కాదు. డబ్బాలో పెట్టి నెల దాటినా పళ్లు లేని తాతయ్య కూడా తినగలిగేవాడు. అవ్వ పోయాక మా ఇంట్లో ఎవరు చేసినా ఈ నాలుగింటిలో రెండు వస్తే రెండు పోతున్నాయి. కందుకూరులో ఉన్న మేనత్తకు ఆ పని చేతికి తెలుసు, కానీ ఎంత ఏమిటి అని అడిగితే "చూస్తే తెలుస్తుంది నాయనా" అంటుంది. ఆమె చూపును తూకంలోకి, డిగ్రీల్లోకి మార్చడమే నేను పెట్టుకున్న పని.

సామాను

గ్రాము దాకా చూపే వంటింటి తూకం. పాకంలో ముంచే పుల్ల థర్మామీటర్. అడుగు మందంగా ఉన్న ఇత్తడి గిన్నె, పొడుగు కర్ర తెడ్డు. సన్న జల్లెడ, పెద్ద పాత గుడ్డ, బాణలి, చిల్లుల గరిటె. అటక మీద దొరికిన అవ్వ అరిసెల చెక్కలు. ప్రయోగాలన్నీ అరకిలో బియ్యంతోనే. చెడినా నష్టం తక్కువ, తడి గుడ్డతో సహా తూచడమూ సులువు.

దశ 1: దొరికిన పద్ధతితో మొదలు

గోదావరి జిల్లాల వైపు చెప్పుకునే పద్ధతి తీసుకున్నాను. బియ్యం రాత్రంతా నానబెట్టి, వడకట్టి, నీడలో ఆరబెట్టి, మర ఆడించాలి. కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం. అంటే నా అరకిలోకు 375 గ్రాములు. పాకాన్ని రెండుసార్లూ 114 డిగ్రీల దగ్గరే దించాను.

మొదటి అరకిలో నవంబరు ముసురులో చేశాను. బియ్యం గంటసేపు ఆరబెట్టి మరకు తీసుకెళ్లాను. చలిమిడి జారుగా వచ్చింది. అరిసె నూనెలో పడగానే అంచులు విడిపోయాయి, బాణలి నిండా నురగ లేచింది. చిల్లుల గరిటెతో తీద్దామంటే ముక్కలే చేతికొచ్చాయి.

రెండో అరకిలోకు జాగ్రత్త పడి, బియ్యం రాత్రంతా ఫ్యాను కింద ఉంచాను. ఈసారి చలిమిడి బిగిసిపోయింది. ఉండ చేసి అరచేత్తో అద్దుతుంటేనే అంచులు పగిలాయి. వేయించిన రోజు బాగానే ఉన్నాయి, మర్నాటికి గట్టిపడ్డాయి.

బెల్లం ఒకటే, పాకం ఒకటే, బియ్యం ఒకటే. మారింది ఆరబెట్టిన తీరు మాత్రమే. అరిసె చెడితే మనం ముందు పాకాన్నే అనుమానిస్తాం. ఈ రెండు విడతల తర్వాత పాకాన్ని పక్కన పెట్టి పిండి వైపు తిరిగాను.

*ఇప్పటికి: బియ్యం 1 కిలో, బెల్లం 750 గ్రాములు.*

దశ 2: బియ్యం, అందులోని తడి

ముందు ఏ బియ్యం అన్నది తేల్చుకోవాలి. గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఖరీఫ్ పంట సంక్రాంతికి ముందే ఇంటికి వస్తుంది, కాబట్టి అక్కడ కొత్త బియ్యంతో అరిసెలు వండటం సహజం. నెల్లూరులో సోమశిల నీటి మీద పండే ప్రధాన పంట మార్చి, ఏప్రిల్ నెలల్లో కోతకు వస్తుంది. అంటే సంక్రాంతికి మన డబ్బాలో ఉండేది చాలా నెలలు నిలవున్న బియ్యం. కొత్త బియ్యానికి కుదిరిన గంటల లెక్క దీనికి అలాగే కుదురుతుందని అనుకోకూడదు. నేను వాడింది నెల్లూరు మసూరి రకం పచ్చి బియ్యం. ఉప్పుడు బియ్యం వద్దు.

చౌకధర దుకాణపు బియ్యంతోనూ ఒక అరకిలో చూశాను. లావు గింజ కాబట్టి పిండి బాగా వచ్చింది. కానీ నేను తెచ్చిన వాటిలో పోషకాలు చేర్చిన గింజలు నూటికి ఒకటి చొప్పున కలిపి ఉన్నాయి. అవి బియ్యప్పిండితో ఒత్తి తీసినవి, మిగతా గింజల కన్నా ముందే మెత్తబడతాయి. గట్టిగా పిసికి కడగకుండా నీళ్లు మెల్లగా మార్చితే చాలు, పిండికి ఇబ్బంది లేదు.

500 గ్రాముల బియ్యం నానబెట్టి, ప్రతిసారీ జల్లి బుట్టలో పావుగంట వడకట్టి తూచాను:

- 2 గంటలకు 640 గ్రాములు
- 12 గంటలకు 650 గ్రాములు
- 24 గంటలకు 652 గ్రాములు

పీల్చాల్సిన నీటిలో దాదాపు అంతా మొదటి రెండు గంటల్లోనే లోపలికి పోయింది. మరి ఇరవై నాలుగు గంటలు ఎందుకు? గింజను గోటితో నొక్కి చూస్తే తెలుస్తుంది. 2 గంటల గింజ పలుకులుగా విరిగింది. 24 గంటల గింజ వేళ్ల మధ్య నలిపితే మెత్తని పిండి అయింది. మర ఆడించి జల్లిస్తే 2 గంటల బియ్యంలో జల్లెడ మీద 110 గ్రాముల రవ్వ మిగిలింది, 24 గంటల బియ్యంలో 35 గ్రాములు. రవ్వ ఉన్న చోట చలిమిడి పట్టు వదులుతుంది, అరిసె నూనెలో అక్కడే పగులుతుంది. కాబట్టి 24 గంటలు, ఎనిమిది గంటలకోసారి నీళ్లు మార్చడం ఖాయం చేసుకున్నాను.

ఇక ఆరబెట్టడం. పొడి వాతావరణం ఉన్న రోజు ఫ్యాను కింద 25 నిమిషాల్లో వచ్చిన ఆరుదలకు ముసురు పట్టిన రోజు గంట పైనే పట్టింది. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కోస్తాను తడుపుతూనే ఉంటాయి. నెల్లూరులో ఆ నెలల్లో గడియారం చూసి బియ్యం ఆరబెడితే ఏ రెండు విడతలూ ఒకేలా రావు.

ఈ దశలోనే మేనత్త కందుకూరు నుంచి వచ్చింది. గుడ్డ మీద పరచిన బియ్యాన్ని మధ్య మధ్య చేత్తో కలియబెడుతూ కూర్చుంది. గుప్పెడు తీసి బిగించి, గుప్పిట విప్పింది. గింజలు అరచేతికి అంటుకున్నాయి. "ఇంకా కాలేదు" అని తిరిగి పోసింది. మళ్లీ కాసేపటికి అలాగే చేసింది. ఈసారి గింజలు చల్లగా తగిలాయి కానీ అరచెయ్యి తడవలేదు, రెండు మూడు గింజలు మాత్రం అతుక్కున్నాయి. "ఇప్పుడు మరకు పంపించు" అంది. పంపించే ముందు గుడ్డతో సహా తూచి, గుడ్డ బరువు తీసేశాను. 622 గ్రాములు.

పిండి వచ్చాక ఆమె రెండో పరీక్ష కూడా చూపించింది. పిండిని పిడికిలి పట్టి వదిలితే వేళ్ల గుర్తులు నిలవాలి. ఆ ముద్దను బొటనవేలితో మెల్లగా తడితే రెండుగా విరగాలి, పొడిగా రాలకూడదు, అణిగిపోనూ కూడదు. 622 దగ్గర ఆడించిన పిండి ఈ పరీక్షకు నిలిచింది. ఆ తర్వాత నేను కావాలని 648 దగ్గర, 575 దగ్గర ఆడించిన పిండి రెండూ నిలవలేదు.

నిలవున్న బియ్యంలోనే 12 నుంచి 14 శాతం నీరు ఉంటుంది. కాబట్టి 500 గ్రాముల్లో అసలు పదార్థం సుమారు 435 గ్రాములు. అత్త సరే అన్న 622లో నీరు దాదాపు 187 గ్రాములు, అంటే 30 శాతం.

ఇప్పుడు పాకం సంగతి చూడండి. 114 డిగ్రీల దగ్గర పాకంలో నీరు సుమారు 15 శాతమే మిగులుతుంది. 375 గ్రాముల బెల్లం పాకంలో అది 65 గ్రాముల చుట్టూ ఉంటుంది. పిండిలో 187, పాకంలో 65. చలిమిడిలోకి వచ్చే నీటిలో పెద్ద భాగం పిండిదే. పైగా 622 బదులు 648 దగ్గర ఆడిస్తే అదనంగా వచ్చే 26 గ్రాముల నీరు, పాకాన్ని నాలుగు డిగ్రీలు ముందే దించేసినంత పని చేస్తుంది. పొయ్యి దగ్గర ఎంత ఒళ్లు దగ్గర పెట్టుకుని పాకం పట్టినా, గుడ్డ మీద పోయిన లెక్క అక్కడ తిరిగి రాదు. నా మొదటి రెండు విడతలు చెడింది ఇక్కడే.

ఈ దశలో ఖాయమైనవి:

1. బియ్యం 24 గంటలు నాననివ్వాలి, ఎనిమిది గంటలకోసారి నీళ్లు మార్చాలి.
2. పావుగంట వడకట్టి, ముందే తూచిన గుడ్డ మీద పలుచగా పరచాలి.
3. పది నిమిషాలకోసారి కలిపి తూచాలి. 500 గ్రాముల బియ్యం 620, 625 మధ్యకు రాగానే ఆపాలి. కిలో అయితే 1240, 1250 మధ్య.
4. వెంటనే మరకు తీసుకెళ్లాలి. మన ముందు ఆడించింది కూడా బియ్యమే అయ్యేలా చూసుకోవాలి. కారం, గోధుమ ఆడిన మరలో మొదటి గుప్పెడు పిండి పాడవుతుంది.
5. జల్లించి, గిన్నెలో అదిమి, తడి గుడ్డ కప్పి మూత పెట్టాలి. అదే రోజు వాడాలి.

ఇంట్లో మిక్సీలో కూడా పట్టి చూశాను. పిండి వేడెక్కి తడి పోయింది, రవ్వ ఎక్కువ మిగిలింది. దగ్గర్లో తడి బియ్యం ఆడించే మర ఉంటే మిక్సీ జోలికి వెళ్లవద్దు.

*ఇప్పటికి: బియ్యం 3 కిలోలు, బెల్లం ఒకటిన్నర కిలో. కొన్ని విడతలు పిండి దగ్గరే ఆపాను కాబట్టి బెల్లం అంతగా ఖర్చు కాలేదు.*

దశ 3: బెల్లం, పాకం

ముందు థర్మామీటర్ సంగతి. నెల్లూరు సముద్ర మట్టానికి పెద్దగా ఎత్తులో లేదు కాబట్టి తెర్లే నీళ్లు 100 చూపాలి. నాది 98 చూపింది. ఇక్కడ రాసే అంకెలన్నీ ఆ రెండూ కలిపినవే. మీది కూడా తెర్లే నీళ్లలో పెట్టి చూసుకోకుండా ఈ అంకెలు వాడవద్దు.

బెల్లం కొన్నప్పుడు పసుపు రంగు చూసి మురిసిపోకూడదు. రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం కలిపిన బెల్లమూ బజారులో ఉంటుంది. చిత్తూరు వైపు నుంచి వచ్చే ముదురు రంగు బెల్లం నాకు బాగా పనికొచ్చింది. కొద్దిగా నాలుక మీద వేసుకుని ఉప్పదనం ఉంటే వదిలేయాలి. ముసురులో చెమ్మ పట్టి జిగటగా మారిన పాత అచ్చు ఒకటి ఇంట్లో ఉంటే దానితోనూ పాకం పట్టాను. 116 దాటినా నీళ్లలో ఉండ కట్టలేదు, వేళ్లకు సాగుతూనే ఉంది. చెమ్మ, పులుపు తగిలి నిలవున్న బెల్లంలో చక్కెర గ్లూకోజుగా, ఫ్రక్టోజుగా విడిపోతుంది. అవి చక్కెరలా తేలిగ్గా గడ్డకట్టవు, గాలిలోని తేమను లాక్కుంటాయి. అలాంటి బెల్లం పానకానికి వాడుకోండి. ఆ 375 గ్రాములు పారబోశాను.

పిండిని 622 దగ్గరే నిలిపి, పాకం మాత్రం మార్చి చూసిన ఫలితాలు:

- 110 డిగ్రీలు: పళ్లెంలో నీళ్లు పోసి పాకం చుక్క వేస్తే ముద్దగా చేరుతుంది కానీ వేళ్లతో ఎత్తితే జారుతుంది. అరిసె నూనెలో విడిపోలేదు, కానీ నూనె బాగా తాగింది.
- 114 డిగ్రీలు: నీళ్లలోనే ఉండ అవుతుంది, చేతికి అంటదు, నొక్కితే అణుగుతుంది. కావలసింది ఇదే.
- 119 డిగ్రీలు: ఉండ నొక్కితే వేలికి ఎదురు తిరుగుతుంది. అరిసె ఆ రోజు బాగుంది, మూడో రోజుకు రాయి అయింది.

114 నుంచి 119కి చేరడానికి సన్న మంట మీద కూడా ఎంతోసేపు పట్టదు. 108 దాటాక పొయ్యి దగ్గర నుంచి కదలకూడదు. బెల్లం బెల్లానికి తేడా ఉంటుంది కాబట్టి 112 దగ్గర నుంచి థర్మామీటరుతో పాటు నీళ్ల పళ్లెం పరీక్ష కూడా చేయాలి. రెండూ ఏకం కాకపోతే పళ్లెం మాటే వినాలి.

వరస ఇది, అరకిలోకు:

1. తరిగిన బెల్లం 375 గ్రాములు, నీళ్లు 100 మిల్లీలీటర్లు. కరిగాక వడకట్టాలి. నా బెల్లంలో చెంచాడు ఇసుక, చెరకు పీచు వచ్చాయి. నీళ్లు కాస్త ఎక్కువైనా పరవాలేదు, మరిగే సమయం పెరుగుతుందంతే.
2. 114 రాగానే పొయ్యి కట్టేసి, నెయ్యి 2 చెంచాలు, నువ్వులు 20 గ్రాములు, యాలకుల పొడి వేయాలి.
3. పిండిని గుప్పెడు గుప్పెడుగా ఒకరు పోస్తుంటే ఒకరు తెడ్డుతో కలపాలి. ఒక్కరితో అయ్యే పని కాదు.
4. పిండి అంతా పోసేయకూడదు. తెడ్డు ఎత్తితే చలిమిడి తెగకుండా మందంగా జారాలి. నాకు ప్రతిసారీ 40 నుంచి 60 గ్రాముల పిండి మిగిలింది.
5. పైన నెయ్యి రాసి, మూత పెట్టి, రెండు గంటలు వదలాలి. వేడి మీద జారుగా అనిపించినది ఈలోపు బిగుసుకుంటుంది. జారుగా ఉందని తొందరపడి మిగిల్చిన పిండి కూడా కలిపేస్తే ఆ బిగువు మరీ ఎక్కువవుతుంది.

చిన్నప్పుడు ఈ రెండు గంటల్లోనే పిల్లలం అందరం గిన్నె చుట్టూ చేరేవాళ్లం. అవ్వ ఒక్కొక్కరి అరచేతిలో నెయ్యి రాసి నిమ్మకాయంత చలిమిడి పెట్టేది. 114 చలిమిడి నోట్లో వేసుకున్నప్పుడు అదే వచ్చింది: ముందు నెయ్యి, తర్వాత బెల్లం, చివర్లో పచ్చి బియ్యపు పిండి వాసన కొద్దిగా. నేను ఇంకా వేయించకముందే సరైన దారిలో ఉన్నానని తెలిసింది.

*ఇప్పటికి: బియ్యం నాలుగున్నర కిలోలు, బెల్లం 3 కిలోలు (పారబోసింది కలిపి), నెయ్యి పావుకిలో లోపు.*

దశ 4: అద్దడం, వేయించడం, నొక్కడం

ఉండ 35 గ్రాములు. నూనె రాసిన మందపాటి కవరు మీద అరచేత్తో అద్దాలి, అప్పడాల కర్ర వాడకూడదు. మందం ఎక్కడా తగ్గకూడదు. అంచు పలుచనైతే అది నల్లబడే దాకా నడుమ ఉడకదు.

నూనె వేడి మూడు రకాలుగా చూశాను. 145 డిగ్రీల దగ్గర అరిసె అడుగునే ఉండి నూనె పీల్చింది. 185 దగ్గర పైన ముదురు రంగు, లోపల పచ్చి. 165 దగ్గర మెల్లగా పైకి తేలి, తిప్పగానే పొంగింది. ఒక్కో అరిసె వేసినప్పుడు నూనె వేడి పడిపోతుంది, కాబట్టి చిన్న బాణలిలో ఒకేసారి రెండుకు మించి వద్దు.

నొక్కడం గురించి కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే చాలామంది దీన్ని వదిలేస్తున్నారు. అవ్వ చెక్కల్లో ఒకదానికి నడుమ గాడులు ఉన్నాయి, నూనె వాటి గుండా జారుతుంది. ఆమె చేతులు పట్టిన చోట రెండు చెక్కలూ నున్నగా అరిగి నల్లబడ్డాయి. వేడి నీళ్లతో తప్ప దేనితోనూ కడగలేదు. 35 గ్రాముల ఉండ నూనెలో నుంచి తీయగానే 39 గ్రాములు తూగింది. చెక్కల మధ్య నొక్కాక 34. అంటే ఒక్కో అరిసె నుంచి 5 గ్రాముల నూనె బయటికి వచ్చింది. బాణలి నుంచి తీసిన వెంటనే నొక్కాలి. అరనిమిషం ఆగి నొక్కితే 2 గ్రాములకు మించి రాలేదు, పైగా అంచు పగిలింది. గట్టిగా ఒక్కసారి కాకుండా మెల్లగా రెండుసార్లు నొక్కితే నడుమ మెత్తదనం పోదు. చెక్కలు లేకపోతే చిల్లుల గరిటె మీద ఉంచి ఇంకో గరిటెతో నొక్కవచ్చు, 3 గ్రాముల దాకా దిగుతుంది.

చలిమిడి చేతికి వచ్చాక తేడా కనిపిస్తే చేయదగ్గవి:

- ఒక అరిసె వేసి చూసినప్పుడు అంచు విడిపోతుంటే: మిగిల్చిన పిండిలో నుంచి గుప్పెడు కలిపి పావుగంట ఆగాలి. ఆ 40, 60 గ్రాములు దాచమన్నది ఇందుకే.
- అద్దేటప్పుడు పగుళ్లు వస్తుంటే: గోరువెచ్చని పాలు చెంచా చొప్పున చల్లి పిసకాలి. పాలు కలిపిన అరిసెలు ఎక్కువ రోజులు నిలవ ఉండవు, ముందు వాటినే తినేయాలి.
- పాకం బాగా ముదిరిపోయి ఉంటే పాలు కూడా పెద్దగా ఆదుకోవు.

ఈ దశలో కిలో బియ్యం ఒకేసారి పెట్టాను. 1245 దగ్గర మర ఆడించి, 750 గ్రాముల బెల్లంతో 114 దగ్గర దించాను. చెక్కలు మేనత్త పట్టుకుంది. మొదటి అరిసెను అవ్వ చేసినట్టే పొయ్యి పక్కన పెట్టి, రెండోది తుంచి నోట్లో వేసుకుంది. "అంచు అమ్మదే. నడుమ ఇంకా కొంచెం మెత్తగా ఉండేది" అంది.

*ఇప్పటికి: బియ్యం ఐదున్నర కిలోలు, బెల్లం 3 కిలోల 750 గ్రాములు.*

దశ 5: నిలవ, పెద్ద ఎసరు

అరిసెలు పూర్తిగా చల్లారే దాకా ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు. గోరువెచ్చగా డబ్బాలో పెట్టినవి మూతకు చెమ్మ పట్టించి, వారంలోనే వాసన వచ్చాయి. రాత్రంతా కాగితం మీద ఆరనిచ్చినవి స్టీలు డబ్బాలో నిక్షేపంగా ఉన్నాయి.

అత్త అన్న నడుమ మెత్తదనం మీద ఇంకా పని ఉంది. నా అనుమానం గిన్నె మీద. మందపాటి ఇత్తడి గిన్నె పొయ్యి కట్టేశాక కూడా వేడి పట్టి ఉంచుతుంది. కిలో పాకాన్ని 114 దగ్గర దించి థర్మామీటర్ అందులోనే ఉంచితే, పిండి పోసేలోపు 116 చూపింది. అరకిలోకు ఈ పెరుగుదల కనబడలేదు. అవ్వ సంక్రాంతికి నాలుగు కిలోలు ఒకే గిన్నెలో పట్టేది. ఆమె పాకాన్ని నా కన్నా ముందే దించి ఉండాలి. అందుకే భోగికి ముందు పెట్టబోయే నాలుగు కిలోలకు లెక్క ఇలా రాసి పెట్టుకున్నాను: ఆరబెట్టిన బియ్యం 4960 నుంచి 5000 గ్రాముల మధ్య, బెల్లం 3 కిలోలు, పొయ్యి కట్టేయడం 112 దగ్గర, పళ్లెం పరీక్ష 110 నుంచే మొదలు. పిండి పోయడానికి ఒకరు, తెడ్డుకు ఇద్దరు. మర వాడికి ముందు రోజే చెప్పి ఉంచాలి.